మొదటి బేస్ గిటార్‌కి నాలుగు తీగలా, ఐదు తీగలా?

మంగళగిరి_కొత్త:
అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మూడేళ్లుగా మామూలు గిటార్ వాయిస్తున్నాను. మా చర్చిలో బేస్ వాయించే అన్నకి హైదరాబాద్‌లో ఉద్యోగం రావడంతో ఆ చోటు నాకిచ్చారు. గిటార్ ఆయనదే కాబట్టి తీసుకెళ్లిపోయాడు. ట్యూషన్లు చెప్పి 22 వేలు దాచాను. విజయవాడలో ఒక షాపుకి వెళ్తే, ఈ రోజుల్లో నాలుగు తీగలది ఎవరూ కొనట్లేదు, ఐదే తీసుకోమన్నారు. మా కీబోర్డ్ బ్రదర్‌దీ అదే మాట. నాకు గిటార్ నేర్పిన మాస్టారు మాత్రం నాలుగుతోనే మొదలుపెట్టమంటున్నారు. మళ్లీ మళ్లీ కొనే స్తోమత లేదు. ఏది కొనాలి?

బ్రాడీపేట_బేస్:
తమ్ముడూ, నాలుగు తీగలదే కొను. నేను మొదట ఐదు తీగలది కొన్నవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

తొమ్మిదేళ్ల కిందట నేనూ షాపువాళ్ల మాట విని ఐదు తీగలది తెచ్చుకున్నాను. దాని ఐదో తీగ, అంటే అన్నిటికన్నా లావుగా ఉండే బి (B) తీగ, మొదటి ఫ్రెట్ (గిటార్ మెడ, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) నుంచి ఐదో ఫ్రెట్ దాకా గరగరమనేది. అడిగితే కొత్తదానికి అలాగే ఉంటుంది, వాయించగా వాయించగా సర్దుకుంటుందన్నారు. ఏడాది పాటు నా వేళ్లలోనే లోపం ఉందనుకుని బాధపడ్డాను. చివరికి గిటార్లు బాగుచేసే ఒకాయన నెక్ పక్కనుంచి చూసి, వెనక్కి వంగిందని చెప్పి, లోపల వంపు సరిచేయడానికుండే ట్రస్ రాడ్ అనే కడ్డీని పావు చుట్టు వదులు చేశారు. గరగర పోయింది. ఏడాది సాధన పావు చుట్టు దగ్గర ఆగిపోయిందన్నమాట.

అందుకే ఎన్ని తీగలన్నది తర్వాత. షాపులో చేతికిచ్చిన గిటార్ సరిగ్గా ఉందో లేదో ముందు నువ్వే చూసుకో. లావు తీగని ఎడమ చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, కుడి చేత్తో చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టు. మధ్యలో ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి. అసలు సందు లేకపోతే నెక్ వెనక్కి వంగింది, కార్డు వదులుగా జారిపోతే ముందుకి వంగింది. తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర తీగని నొక్కకుండా ఊరికే వేలు ఆనించి మీటు, తర్వాత అక్కడే నొక్కి మీటు. రెండూ ట్యూనర్‌లో ఒకే చోట నిలబడాలి. నొక్కినప్పుడు శృతి ఎక్కువ చూపిస్తే కింద తీగలు బిగించే బ్రిడ్జి మీదున్న శాడిల్‌ని (తీగ ఆనే చిన్న ముక్కని) కాస్త వెనక్కి జరపాలి. ఇవన్నీ సరిచేయడమే సెటప్. కొన్న రోజే చేయించుకో. మన దగ్గర మే నెల ఎండకీ, ఆ తర్వాత వానకీ చెక్క కదులుతూనే ఉంటుంది, కాబట్టి ఏడాదికి రెండుసార్లయినా చూపించాలి.

ఇక తీగల సంగతి. ఐదు తీగలదానికి నెక్ వెడల్పు. జాజ్ బేస్ అనే మోడల్ రకం నాలుగు తీగలదానికి పైన, తల దగ్గర, 38 మిల్లీమీటర్లుంటే, ఐదు తీగలవి ఎక్కువగా 45 దాటి ఉంటాయి. పైగా నువ్వు వేరే తీగ మీటినా ఆ బి తీగ దానంతట అదే మోగుతుంది. దాన్ని ఎప్పుడూ బొటనవేలితో ఆపి ఉంచాలి. మామూలు గిటార్ నుంచి వచ్చినవాళ్లకి స్వరం మొదలుపెట్టడం వచ్చు, ఆపడం రాదు. బేస్‌లో కష్టమంతా అక్కడే. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) 60 మీద పెట్టి, ఒక్క A తీగని మొదటి దెబ్బ మీద మీటి, మూడో దెబ్బ మీద ఠక్కున ఆపి చూడు. పది నిమిషాలు తప్పు లేకుండా చేయగలిగితే అప్పుడు ఐదో తీగ గురించి మాట్లాడుకుందాం. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కి ఉన్నవి నాలుగే. మోటౌన్ అనే అమెరికన్ రికార్డు కంపెనీ పాటల్లో జేమ్స్ జేమర్సన్ ఆ నాలుగు తీగల మీద, కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితో వాయించిన బేస్‌ని ఇవాళ్టికీ అందరూ కూర్చుని నేర్చుకుంటున్నారు.

వన్‌టౌన్_లోబీ:
బ్రాడీపేట అన్న సెటప్ గురించి చెప్పిన ప్రతి మాటా ఒప్పుకుంటాను. తీగల విషయంలో మాత్రం అస్సలు ఒప్పుకోను.

జేమర్సన్ పాటలకి స్కేల్ ముందే అనుకుని రికార్డింగ్‌కి కూర్చునేవాళ్లు. మన దగ్గర స్కేల్ పాడేవాళ్ల గొంతుని బట్టి, అదీ స్టేజీ మీద, పాట మొదలవడానికి అర నిమిషం ముందు తేలుతుంది. అక్కయ్య ఈ రోజు గొంతు బాలేదు, కొంచెం తగ్గించమంటుంది. కీబోర్డ్ బ్రదర్ స్కేల్ మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కి హాయిగా అదే సి లో వేళ్లు పెడతాడు. ఆయనకి ఏమీ మారలేదు, మనకి మాత్రం పాట బి ఫ్లాట్‌లోకి పోయింది. ఐదు తీగలుంటే నేను చేతి ఆకారం మార్చకుండా రెండు ఫ్రెట్లు జరుగుతాను, అంతే. ఖాళీ తీగల (ఫ్రెట్ నొక్కకుండా మీటే తీగల) మీద ఆధారపడే అలవాటున్నవాడికి అప్పుడు చెమటలు పడతాయి.

ఇంకోటి. డి స్కేల్ పాటలో పల్లవి చివర కింది డి మీద వాలాలనుకో. నాలుగు తీగల్లో అన్నిటికన్నా కింది స్వరం ఇ (E), దానికన్నా కిందుండే ఆ డి రాదు. పైనున్న డి వాయిస్తే పాట నేల మీద నిలబడినట్టుండదు. నా గిటార్‌లో అది బి తీగ మూడో ఫ్రెట్. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం, ఫిబ్రవరిలో గుణదల ఉత్సవాల రోజుల్లో అయితే వరసగా, ఆ స్వరం వాయిస్తూనే ఉన్నాను. అది వచ్చినప్పుడు ముందు వరసలో కూర్చున్నవాళ్లు తల ఎత్తుతారు. తమ్ముడు వాయించబోయేది చర్చిలో కాబట్టి ఐదే కొనాలి.

సత్యనారాయణపురం:
చేతులు చిన్నవైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ (తీగ పొడవు తక్కువుండే బేస్) కూడా చూడు. మామూలు బేస్ 34 అంగుళాలు, మొదటి నాలుగు ఫ్రెట్ల దగ్గర వేళ్లు బాగా చాచాలి. నేను దానికి మారాకే మణికట్టు నొప్పి తగ్గింది. ఇంకో మాట, బ్యాటరీ ఉన్న బేస్ అయితే వాయించడం అయిపోగానే జాక్ తీసెయ్యి. పెట్టి ఉంచితే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

బ్రాడీపేట_బేస్:
వన్‌టౌన్ బ్రదర్, మీరన్న కింది డి గురించి. ఇ తీగ కీ తిప్పి డి కి దించుకుంటే నాలుగు తీగల మీదా ఆ స్వరం వస్తుంది. ఆ ఒక్క తీగ మీద అన్నీ రెండు ఫ్రెట్లు పైకి జరుగుతాయని గుర్తుపెట్టుకుంటే చాలు.

అసలు ప్రశ్న ఇంకోటుంది. ఆ స్వరం బయటికి వినిపిస్తోందా? ఇ తీగ 41 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు), మీ కింది డి సుమారు 37, ఖాళీ బి తీగ 31. చాలా చర్చిల్లో రెండు స్పీకర్ బాక్సులే, సబ్ (కింది స్వరాలకి వేరుగా పెట్టే స్పీకర్) ఉండదు. తమ్ముడు ఇంట్లో పెట్టుకునే చిన్న యాంప్‌లో 8 అంగుళాల స్పీకర్ ఉంటుంది. వాటిలో 31 హెర్ట్జ్ అసలు స్వరం దాదాపు రాదు, దాని పైస్వరాలు విని మన చెవి సర్దుకుంటుంది. గది మాత్రం బురదగా మోగుతుంది. 22 వేలలో ఐదు తీగల గిటార్, దానికి ఖరీదైన తీగల సెట్టు కొనేశాక యాంప్‌కీ సెటప్‌కీ ఏం మిగులుతుంది? యమహా టీఆర్‌బీఎక్స్ 174 లాంటి మొదటి మెట్టు నాలుగు తీగలది, వీలైతే సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, మిగిలిన డబ్బు సెటప్‌కీ ఒక హెడ్‌ఫోన్ యాంప్‌కీ పెట్టమంటాను. అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదింటికి సాధన చేయాలంటే అదొక్కటే దారి. నా సాధనంతా అలాగే జరిగింది.

వన్‌టౌన్_లోబీ:
పాటకీ పాటకీ మధ్య ప్రార్థన జరుగుతుంటే కీ తిప్పుతూ కూర్చోలేం అన్నా. తర్వాతి పాట ఇ లో ఉంటే మళ్లీ పైకి తిప్పాలి, ఆ కంగారులో శృతి తప్పితే గుడంతా వింటుంది. నాకు ఒకసారి అలా జరిగింది, ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. అందుకే ఐదు తీగలు కొన్నాను.

స్పీకర్ల గురించి మీరన్నది నిజం. మా చర్చిలో రెండేళ్ల కిందట సబ్ పెట్టాకే నా బి తీగ విలువ నాకే తెలిసింది. అంతకు ముందు కింది డి వాయించినా దూరంగా ఎవరో తలుపు వేసినట్టుండేది. తమ్ముడూ, మీ చర్చిలో సబ్ ఉందా?

మంగళగిరి_కొత్త:
లేదన్నా. రెండు బాక్సులే. బేస్ నేరుగా మిక్సర్‌లోకి పోతుంది. నా చేతులు కూడా కొంచెం చిన్నవే.

వన్‌టౌన్_లోబీ:
అయితే ఇప్పటికి నాలుగు తీగలదే తీసుకో, నీ విషయంలో నా మాట మార్చుకుంటున్నాను. కానీ ఖాళీ తీగలు మానేసి వాయించడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకో. ఏ స్కేల్ అయినా ఒకే ఆకారంలో, సా పా తో మొదలుపెట్టి, నెక్ మీద ఎక్కడికైనా జరపగలగాలి. అప్పుడు ట్రాన్స్‌పోజ్ బటన్‌కి భయపడవు. కొనేముందు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చికి రా. వన్‌టౌన్‌లోనే. నా ఐదు తీగలది గంటసేపు నీ చేతిలో పెట్టుకుని చూడు, ఎందుకింత పట్టుబట్టానో తెలుస్తుంది.

బ్రాడీపేట_బేస్:
నేనూ వస్తాను బ్రదర్. గుంటూరు నుంచి గంట ప్రయాణమేగా. నా పాత ఐదు తీగలది మళ్లీ బయటికి తీశాను, బి తీగ తుప్పు పట్టింది. కొత్త సెట్టు వేసి తెస్తాను, ఆ బొటనవేలు ఎలా ఆనిస్తారో నాకూ చూపించండి.

మంగళగిరి_కొత్త:
ఈ ఆదివారమే వస్తాను. మధ్యాహ్నం అక్కడి నుంచి షాపుకి వెళ్దామన్నా, ఇద్దరూ నాతో రండి. విజిటింగ్ కార్డు జేబులో పెట్టుకున్నాను.