హార్మోన్ పోయాక కూడా ఆకలి ఎందుకు రాలేదు?

ఫిజియాలజీ తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి ప్లీజ్, శుక్రవారం జర్నల్ క్లబ్‌లో (రీసెర్చ్ పేపర్ చదివి చర్చించే మీటింగ్) నా వంతు. పేపరేమో లండన్ ఇంపీరియల్ కాలేజీ స్టీఫెన్ బ్లూమ్ గారి టీందే, 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది, ఫస్ట్ ఆథర్ బాటర్‌హామ్. 12 మంది లావుగా ఉన్నవాళ్ళకి, 12 మంది సన్నగా ఉన్నవాళ్ళకి పేగులో తయారయ్యే, ఆకలి తగ్గించే పీవైవై 3-36 అనే హార్మోన్‌ని 90 నిమిషాలు డ్రిప్‌లో ఎక్కించి, ఆపిన రెండు గంటలకి బఫే లంచ్ పెట్టారు. సెలైన్ ఎక్కించిన రోజుతో పోలిస్తే లావువాళ్ళు 30 శాతం, సన్నవాళ్ళు 31 శాతం తక్కువ తిన్నారు.

నాకు అర్థం కానిది ఆ రెండు గంటలే. ఈ హార్మోన్ రక్తంలో నిమిషాల్లో సగానికి పడిపోతుంది కదా, మరి ప్లేటు చేతికొచ్చేసరికి ఏం మిగిలుంటుంది?

ఇదే హార్మోన్ మీద అదే టీం రాసిన 2002 నేచర్ పేపర్ కూడా తీసి గ్రాఫ్ మీద స్కేలు పెట్టి మరీ చూశా, డ్రిప్ ఆపాక లెవెల్ త్వరగానే మామూలుకొచ్చేసింది, అయినా 24 గంటల మొత్తం తిండి 33 శాతం తగ్గిందట. ఆకలి పుట్టించే హార్మోన్ గ్రెలిన్ తగ్గడం వల్లేమో అనుకున్నా, కానీ అది తగ్గిందీ ఈ డ్రిప్ వల్లే కదా, మళ్ళీ మొదటికే వచ్చా. సీనియర్‌ని అడిగితే "డిస్కషన్ చదువు" అన్నాడు, మూడుసార్లు చదివా, తేలలేదు.

మెదడులో ఆకలిని కంట్రోల్ చేసే ఆర్క్యుయేట్ న్యూక్లియస్‌లో, ఈ హార్మోన్ అతుక్కునే వై2 రిసెప్టర్ వల్ల, ఆకలి పెంచే ఎన్‌పీవై న్యూరాన్లు ఒకసారి అణిగితే, హార్మోన్ పోయాక కూడా గంటల తరబడి అలాగే ఉంటాయా, లేక ఆకలి తగ్గడానికి ఇంకో దారేదైనా ఉందా?