నోటికి తెలిసేది, చెవిన పడేది: "గమనించు" బదులు ఏ క్రియ వాడాలి?

గ్రూపులోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. ఒక క్రియ దగ్గర కొన్నాళ్ళుగా ఆగిపోయి ఉన్నాను. మీతో పంచుకుంటే తేలుతుందేమోనని రాస్తున్నాను.

నాన్నగారు పోయాక మా అమ్మకి అర్ధరాత్రి మెలకువ వచ్చి గుండె దడగా ఉంటోంది. డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, గుండెకేమీ లేదు, ఇది టెన్షన్ అన్నారు. అలాంటప్పుడు మంచం మీదే కూర్చుని చేసుకోమని ఒక చిన్న ధ్యానం చెప్పారు. కంటికి కనిపించేవి ఐదు, ఒంటికి తగిలేవి నాలుగు, చెవిన పడేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి. ఒక్కోదాని దగ్గర మనసు కాసేపు నిలిపి ముందుకు వెళ్ళాలి. ఇంగ్లీషు కాగితం చేతికిచ్చారు. దాన్ని అమ్మ కోసం తెలుగులో రాద్దామని కూర్చున్నాను.

"మీ చుట్టూ ఉన్న ఐదు వస్తువులను గమనించండి. మీ శరీరానికి తగులుతున్న నాలుగింటిని గమనించండి." ఇదీ నేను మొదట రాసింది. అమ్మ చదివి, "ఇదేంట్రా, బస్టాండులో బోర్డులా ఉంది" అంది. సంస్కృతంలో గమనమంటే వెళ్ళడం. మనసు అక్కడిదాకా వెళ్ళడమే గమనించడం అనుకుంటే మాట అందమైనదే. కానీ "మెడ మీద గాలిని గమనించాను" అని మన ఇళ్ళలో ఎవరంటారు?

తర్వాత "చూడు" మీదికి వెళ్ళాను. మన తెలుగులో కంటికే కాదు, అన్నిటికీ చూడడమే. రుచి చూస్తాం, వాసన చూస్తాం, వైద్యుడు నాడి చూస్తాడు, అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూస్తుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం, అక్కడ చూసేది చెవి. (కొట్టి చూడు, తిని చూడు అన్నప్పుడు "చూడు" ప్రయత్నాన్ని చెప్పే సహాయక క్రియ, రుచి చూడులో అది ప్రధాన క్రియ. రెంటినీ కలిపేస్తున్నానని పట్టుకునేవాళ్ళు ఉంటారని ముందే చెప్పేస్తున్నాను. తమిళంలో పార్, కన్నడలో నోడు కూడా ఇలాగే పనిచేస్తాయి, కాబట్టి ఇది మన ఒక్కరి సొత్తు కాదు.)

సరే, "చూడు" అని రాసి అమ్మకిచ్చాను. అది కూడా కుదరలేదు. ఎందుకో వంటింట్లో తెలిసింది. "కాస్త ఉప్పు చూడు" అంటే అర్థం, సరిపోయిందా లేదా చెప్పమని. మనం రుచి చూసినా, వాసన చూసినా, మెతుకు పట్టి చూసినా చివర ఒక తీర్పు ఉండాలి. ఈ ధ్యానానికి తీర్పే అక్కర్లేదు. పైగా దడతో ఉన్న మనిషి తీర్పు చెప్పడం మొదలుపెడితే దడ పెరుగుతుంది. రుచి చూడమంటే అమ్మ "నోరంతా చేదుగా ఉంది, పైత్యమేమో" అని అక్కడి నుంచి రోగాల్లోకి వెళ్ళిపోయింది.

ఒక రాత్రి రెండు గంటలప్పుడు పిలిచింది. కాగితం వెతికే ఓపిక లేక, పక్కన కూర్చుని నోటికొచ్చినట్టు అడిగాను: "అమ్మా, నీ చేతికి ఏం తెలుస్తోంది?" కాసేపు ఆగి, "దుప్పటి అంచు గరుగ్గా తెలుస్తోంది" అంది. "ఇంకా?" "మంచం పట్టీ చల్లగా తెలుస్తోంది." తీర్పు లేదు, భయం లేదు, ఉన్నది చెప్పింది. నేను కాగితం మీద వెతుకుతున్న క్రియ అది.

ఆ తర్వాత చూస్తే అది అన్నిచోట్లా ఉంది. జ్వరం వచ్చి తగ్గాక "నోటికి రుచి తెలియట్లేదు" అంటాం. షుగరు ముదిరినవాళ్ళు "అరికాళ్ళకి స్పర్శ తెలియట్లేదు" అంటారు. కరోనా రోజుల్లో "వాసన తెలుస్తోందా?" అని ఎన్ని ఫోన్లు చేసుకున్నాం! చెవికి, కంటికి మాత్రం వేరే క్రియలు: వినపడు, కనపడు. వినడం నేను చేసే పని, వినపడడం దానంతట అది జరిగేది. ధ్యానంలో "ఏం వింటున్నావు?" అని అడిగితే మనసు శబ్దం వెంట పరుగెడుతుంది. "ఏం వినపడుతోంది?" అంటే కూర్చున్నచోటే ఉంటుంది.

ఇక్కడ నాకు ఒళ్ళు పులకరించిన విషయం ఒకటుంది. పాళీ భాషలోని బౌద్ధ గ్రంథం ఉదానంలో బుద్ధుడు బాహియుడనే సాధకుడికి చెప్పిన మాట: "దిట్ఠే దిట్ఠమత్తం భవిస్సతి, సుతే సుతమత్తం భవిస్సతి, ముతే ముతమత్తం భవిస్సతి." కనపడినదాంట్లో కనపడినదే, వినపడినదాంట్లో వినపడినదే ఉండాలని. ఆ మూడోది, "ముత", వాసన, రుచి, స్పర్శ మూడింటికీ కలిపి ఒకే మాట అని వ్యాఖ్యాతలు చెబుతారు. కంటికొకటి, చెవికొకటి, మిగతా మూడింటికీ కలిపి ఒకటి. మన కనపడు, వినపడు, తెలియు అచ్చం అలాగే పంచుకున్నాయి. ఒకదాన్నుంచి ఒకటి వచ్చిందని అనడం లేదు. మనిషి అనుభవాన్ని రెండు భాషలూ ఒకేచోట విడదీశాయి, అంతే.

వ్యాఖ్యలకు జవాబులు:

కరీంనగర్ అక్క "మా దిక్కు దీనికి సోయి అంటరు, సోయి ఏడ వెట్టినవ్ అని మా అమ్మమ్మ తిట్టేది" అని రాశారు. అక్కా, ఎంత మంచి మాట గుర్తుచేశారు! ఒక్కో ఇంద్రియానికి "తెలియు", మొత్తం స్థితికి, అంటే స్పృహకి, "సోయి". కాగితానికి పేరు అదే పెట్టాను.

"తెలియు అంటే జ్ఞానం కదా, నీకేం తెలుసు అన్నట్టు ఉండదా?" అని ఒకరు అడిగారు. లేదండీ. "నాకు తెలుసు"లో కాలం లేదు, నిన్నా తెలుసు, రేపూ తెలుసు. "చేతికి తెలుస్తోంది"లో ఈ క్షణమే ఉంది, అదీ నాకు కాదు, చేతికి.

సంస్కృతం మాస్టారు ఇంద్రియాలను తాబేలులా లోపలికి ముడుచుకోమన్న గీత రెండో అధ్యాయం 58వ శ్లోకం ఎత్తి, మీరు వాటిని తెరవమంటున్నారేమిటని అడిగారు. గురువుగారూ, ఆ శ్లోకం స్థితప్రజ్ఞుడి గురించి, మా అమ్మది అర్ధరాత్రి దడ. అయినా పోతన ప్రహ్లాదుడు "విష్ణు నాకర్ణించు వీనులు వీనులు" (విష్ణువు గురించి వినే చెవులే చెవులు) అన్నప్పుడు చెవులు మూయమనలేదు కదా, వాటికి పని అప్పజెప్పాడు. ఇక్కడా అంతే. గోడ గడియారం చప్పుడుకి చెవిని అప్పజెప్పడం.

ఇప్పుడు కాగితం ఇలా ఉంది: కంటికి ఏం కనపడుతోంది, ఐదు. ఒంటికి ఏం తెలుస్తోంది, నాలుగు. చెవికి ఏం వినపడుతోంది, మూడు. ముక్కుకి ఏం వాసన తెలుస్తోంది, రెండు. నోటికి ఏం రుచి తెలుస్తోంది, ఒకటి. అమ్మ దాన్ని దిండు కింద పెట్టుకుంది. నిన్న తీసి చూస్తే "ముక్కుకి" కొట్టేసి, పక్కన పెన్సిలుతో "ఊపిరిలో" అని రాసుకుంది. ఊపిరిలో ఏం వాసన తెలుస్తోంది. మీ ఊళ్ళలో ఎవరైనా ఇలా అంటారా?