కుంటలో లెక్కకు వచ్చిన కప్పలెన్ని, సంతానం మిగిల్చినవి ఎన్ని?

తొలకరి (ప్రశ్న):
మొన్న తొలకరి పడిన రాత్రి టార్చి పట్టుకుని మా ఊరి కుంట గట్టు చుట్టూ తిరిగాను. పచ్చగా పసుపు రంగుకు తిరిగి, గొంతుకు రెండు పక్కలా నీలి సంచులు ఉబ్బించి అరుస్తున్న మగ బోదురు కప్పలు 30, ఆడవి 10 లెక్కకు వచ్చాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఈ కుంట ప్రజనన సంఖ్యను (సంతానం మిగిల్చడంలోని అసమానతలను సరిచేసి వేసే కప్పల లెక్కను) 40గా రాయవచ్చా? తోకకప్పలు కనిపించగానే ఒక మూల నుంచి గిన్నెడు పట్టి డీఎన్‌ఏ పరీక్షకు పంపితే సరిపోతుందా?

గట్టుమీద:
40 అని రాయకండి. మగ, ఆడ సంఖ్యలు సమానంగా లేనప్పుడు వాడే సూత్రాన్ని జన్యుశాస్త్రవేత్త సీవాల్ రైట్ 1931లోనే ఇచ్చారు: రెండు సంఖ్యల గుణకారాన్ని 4తో హెచ్చించి, వాటి మొత్తంతో భాగించాలి. మీ లెక్కకు 4×30×10÷40, అంటే 30 వస్తుంది. అరిచిన ప్రతి మగదానికీ జత దొరకదు కనుక, నిజంగా జతకట్టిన మగవి 5 మాత్రమే అనుకుంటే అది 13కు దిగుతుంది. యూరప్‌లోని పెద్ద జుట్టు న్యూట్‌లో (కప్పల్లాగే నీటిలో గుడ్లు పెట్టే, తోక ఉన్న ఉభయచరంలో) ఒకటో క్రోమోజోమ్ లోపం వల్ల పిండాల్లో సగం గుడ్డులోనే చనిపోతాయి. పశ్చిమ ఫ్రాన్స్‌లోని మాయెన్ ప్రాంతపు కుంటల్లో దాని ప్రజనన సంఖ్య, వయోజనాల సంఖ్యలో ఐదో వంతుకు కూడా చేరకపోవడానికి అదొక కారణమై ఉంటుంది.

నీటిబొట్టు:
గట్టుమీద గారు చెప్పిన సూత్రం సరైనదే కానీ, న్యూట్ విషయంలో కారణం అది కాదు. అన్ని తల్లుల గుడ్లలోనూ సగం పోతే కుటుంబాల మధ్య నిష్పత్తి మారదు, కాబట్టి ఆ చావులు వాటంతట అవి ప్రజనన సంఖ్యను తగ్గించవు. దాన్ని తగ్గించేది ఒక కుటుంబం మొత్తం బతికి పక్క కుటుంబం మొత్తం తుడిచిపెట్టుకుపోవడం. జనాభా నిలకడగా ఉండి, ఒక్కో జీవి సగటున ఇద్దరు వారసులను మిగులుస్తుందనుకుంటే, వారసుల సంఖ్యలోని విస్తృతికి (ఒక్కోదాని వారసుల సంఖ్య సగటు నుంచి ఎంత చెదిరి ఉందో చెప్పే కొలతకు) 2 కలిపి, దానితో (4×జనాభా − 2)ను భాగించాలి. మీ 40 కప్పల్లో విస్తృతి 2 ఉంటే దాదాపు 40 వస్తుంది, 10 ఉంటే 13 వస్తుంది, అందరికీ సరిసమానంగా పిల్లలు మిగిలి విస్తృతి 0 అయితే 79 వస్తుంది. ఈ చివరిదాన్ని బట్టి చూస్తే, ప్రజనన సంఖ్య జనాభా కంటే ఎప్పుడూ తక్కువే అని కొందరు అనుకునే మాట కూడా నిలవదు. ప్రకృతిలో అలా జరగడం అరుదు, అంతే. బోదురు కప్పల్లోనైతే అసమానత మరీ ఎక్కువ, ఎందుకంటే వాటి తోకకప్పలు మాంసాహారులు, ముందు పుట్టి కాస్త ఎదిగినవి వెనుక పుట్టినవాటిని తినేస్తాయి.

ఇక గిన్నె సంగతి. ఒకే మూల పట్టినవి చాలావరకు ఒక తల్లి పిల్లలే కావచ్చు. అప్పుడు మైక్రోశాటిలైట్ గుర్తులతో (డీఎన్‌ఏలో ఒక్కో జీవికీ పొడవు మారే పునరావృత ముక్కలతో) తోబుట్టువులను విడదీసి లెక్కగట్టినా సంఖ్య కృత్రిమంగా చిన్నదవుతుంది. కుంట చుట్టూ చాలా చోట్ల, వేర్వేరు రోజుల్లో కొద్దికొద్దిగా తీయండి. తోక కొస చిన్న ముక్క చాలు, అది మళ్లీ పెరుగుతుంది. ముందుగా అటవీ శాఖ అనుమతి మాత్రం తీసుకోండి. వచ్చేది ఈ ఒక్క వానాకాలపు సంఖ్యేనని, అనేక ఏళ్ల తరాలు కలిసిన ప్రభావక జనాభా (మొత్తం జనాభాకు వేసే ఇలాంటి లెక్క) కాదని కూడా రాయండి.

తొలకరి:
ధన్యవాదాలు. ఈ ఉదయం వెళ్లి చూస్తే తూర్పు ఒడ్డున నీరు ఇంకిపోయి, గేదెల గిట్టలు దిగిన గుంటల్లో అరచెయ్యంత బురదనీటిలో తోకకప్పలు ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటున్నాయి, నాలుగడుగుల అవతల లోతునీటిలో ఉన్నవి నిబ్బరంగా ఈదుతున్నాయి. నేను గిన్నె ముంచాలనుకున్నది ఆ తూర్పు ఒడ్డునే. అనుమతికి దరఖాస్తు రాస్తున్నాను, అందులో ఎనిమిది చోట్ల నుంచి నమూనాలు అని పెడుతున్నాను. ప్రాజెక్టులో 40ని 'కనిపించిన వయోజనాలు' అన్న గడిలోకి మార్చి, ప్రజనన సంఖ్య గడిని ప్రస్తుతానికి ఖాళీగా ఉంచాను.