ఫొటో వాక్‌లో అందరూ కలిసే తీయాలా?

లాడ్‌బజార్ బాటసారి:
ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో పరిచయమైన ఫొటోగ్రాఫర్లు ఆదివారం పొద్దున్నే చార్మినార్ దగ్గర కలుసుకుని ఫొటో వాక్ చేయడం, అంటే కలిసి నడుస్తూ ఫొటోలు తీయడం, ఇప్పుడు మామూలైపోయింది. కలుసుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు, గుంపుగా తీయడం మీదే ఉంది. లక్క గాజులు చేసే ఒక పెద్దాయన దుకాణం ముందు పాతిక మంది నిలబడటం చూశాను. ఆయన బొగ్గుల మీద లక్కను మెత్తబరిచి, సాగదీసి, చల్లారేలోపు గుండ్రంగా చుట్టాలి. ఆ పైన రాళ్లు ఒక్కొక్కటే పొదగాలి. వెలుగు వచ్చేదేమో ఆ ఒక్క గుమ్మంలోంచే, దానికి మనవాళ్లు అడ్డం. కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు లోపలికి దారి లేక వెనుదిరిగారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చాక ఈ తాకిడి ఇంకా పెరిగింది. సాయంత్రానికి అందరి పేజీల్లోనూ అవే చేతులు, అదే కోణం. ఇలాంటి నడకలు అవసరమా?

తొలివెలుగు:
అవసరమే. మీరు మగవారు కాబట్టి గుంపు మీకు అడ్డుగా తోస్తోంది. ఒక అమ్మాయి మెడలో కెమెరా వేసుకుని తెల్లవారుజామున పాతబస్తీ సందులో ఒంటరిగా నిలబడితే ఎన్ని చూపులు, ఎన్ని ప్రశ్నలు ఎదురవుతాయో మీకు తెలియదు. పదిమంది ఉంటారని చెబితేనే మా ఇంట్లో గడప దాటనిచ్చారు. నాకు పనికొచ్చిన పాఠాలన్నీ పక్కన నడిచినవాళ్లు నేర్పినవే. దూరాన్ని దగ్గరగా చూపే 200 ఎంఎం లెన్సును చేత్తో పట్టుకుంటే, చిత్రం అదిరిపోకుండా షట్టర్ వేగం సెకనులో 200వ వంతు కంటే నెమ్మది కానివ్వకూడదని ఒక పెద్దాయన నా కెమెరాలోనే తిప్పి చూపించారు. వీడియోల్లో ఎన్నిసార్లు విన్నా అర్థం కానిది ఆ నిమిషంలో బోధపడింది.

ఉప్పలపాడు కొంగలు:
పట్నంలో మనుషులు కనీసం విసుక్కోగలరు, పక్షులకు ఆ వీలు కూడా లేదు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గూళ్లు కడతాయి. ఒక్కరు వచ్చి మాటామంతీ లేకుండా కూర్చుంటే అవి పట్టించుకోవు. గుంపు వచ్చి కేకలు వేసినా, ఎగిరే చిత్రం కోసం ఎవరైనా చప్పట్లు కొట్టినా తల్లి పక్షి లేచిపోతుంది. గుడ్లు ఎండకు మాడతాయి, లేదా కాకుల పాలవుతాయి. గూళ్ల కాలంలో అక్కడ సామూహిక కార్యక్రమాలు వద్దనే నా వాదన. ఇందులో రాజీ లేదు.

లాడ్‌బజార్ బాటసారి:
ఉప్పలపాడు గారి మాటకు నేను పూర్తిగా కట్టుబడతాను. తొలివెలుగు గారూ, మీరు చెప్పిన భద్రత నా లెక్కలోకే రాలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ భద్రతకు పాతిక మంది ఎందుకు? ముగ్గురు చాలరా? అమెరికా ఫొటోగ్రఫీ రచయిత స్కాట్ కెల్బీ 2008లో ప్రపంచమంతటా ఒకే రోజు జరిగేలా మొదలుపెట్టిన ఫొటో వాక్‌లో ఒక్కో నడకకు 50 మంది అని పరిమితి పెట్టారు. విశాలమైన పార్కుల్లో అది సరిపోవచ్చు, మన గాజుల సందుకు పదిమందే ఎక్కువ.

నేను కోరేది ఇది. అందరూ ఒకచోట కలవండి, చాయ్ తాగండి, ముగ్గురేసి చొప్పున తలో దిక్కుకు వెళ్లండి. రెండు గంటల తర్వాత ఏదైనా ఇరానీ హోటల్లో మళ్లీ కూర్చుని, ఒక్కొక్కరూ మూడే చిత్రాలు చూపించండి. ఎందుకు తీశారో, ఎక్కడ తప్పిందో మాట్లాడుకోండి. ఎదురెదురుగా కూర్చుని ‘ఇది కుదరలేదు’ అని చెప్పే మనిషి ఇన్‌స్టాగ్రామ్‌లో దొరకడు. అక్కడ గుండె గుర్తులే దొరుకుతాయి. ముఖాముఖి కలిసినందుకు దక్కే అసలు లాభం ఇలా మాట్లాడుకోవడమే. దాన్ని వదిలేసి అందరం వరుసకట్టి నడిచి, చివర ఒక సెల్ఫీ దిగి విడిపోతున్నాం.

ఇంకొక మాట. చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ కిందివి. అక్కడ ట్రైపాడ్‌కు (కెమెరా నిలబెట్టే మూడుకాళ్ల స్టాండుకు) ముందస్తు అనుమతి కావాలి. నిర్వాహకులు ఇది చెప్పకుండా కొత్తవాళ్లను పిలిచి, గేటు దగ్గర గార్డుతో వాదనకు దింపడం అన్యాయం.

తొలివెలుగు:
ముగ్గురి జట్లు నాకు సమ్మతమే. ప్రతి జట్టులో తెలిసినవాళ్లు ఒకరుండాలి. ఆన్‌లైన్ పరిచయం తప్ప ముఖం తెలియని ఇద్దరితో నన్ను పంపితే మాత్రం రాను.

కొత్త కెమెరా:
గాజుల పెద్దాయన అనుమతి ఎవరైనా అడిగారా? ఆయనకు ఒక్క ప్రింటయినా ఇచ్చారా?

లాడ్‌బజార్ బాటసారి:
నాకు తెలిసి ఎవరూ ఇవ్వలేదు. ఆ రోజు తీసినవాళ్లు ఈ చర్చ చదువుతుంటే తలా ఒక చిత్రం పంపండి, ప్రింట్లు వేయించి నేనే ఇచ్చి వస్తాను. ఆయన వద్దంటే ఆ చిత్రాలు మీ పేజీల నుంచి తీసేయాలి. దానికి ముందే ఒప్పుకున్నవాళ్లు మాత్రమే పంపండి.