‘లోకం పాటలు’ అని రాయొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అమెరికన్ గాయకుడు అల్ గ్రీన్ మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. రిథమ్ అండ్ బ్లూస్, సోల్ అనే నల్లవాళ్ల సంగీత ధోరణుల్లో పాటలతో 1970ల మొదట్లో పెద్ద స్టార్ అయి, తర్వాత మెంఫిస్‌లో చర్చి నడుపుతూ గాస్పెల్‌కి, అంటే చర్చి భక్తిపాటలకి, మళ్లిన మనిషి. రాస్తుంటే అడుగడుగునా ‘సెక్యులర్ మ్యూజిక్’ (భక్తిపాటలు కాని సంగీతం) అన్న మాట అడ్డం పడుతోంది. నిఘంటువు చూస్తే ‘లౌకిక’ అంటుంది. ‘లౌకిక సంగీతాన్ని వదిలేశాడు’ అని రాస్తే ఏదో పార్టీ మారినట్టుంది. మీరైతే ఏం రాస్తారు?

జవాబు:
‘లోకం పాటలు’ అని రాయండి, వెతుక్కోనక్కర్లేదు. తెలుగు చర్చిల్లో ఎప్పట్నుంచో వాడుతున్న మాటే. మా ఇంట్లో సినిమా పాట కూనిరాగం తీస్తే ‘ఆ లోకం పాటలేంట్రా’ అనేది నాయనమ్మ. తాము దేవుడి వైపు ఎలా మళ్లారో చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లు కూడా ‘నేను లోకంలో ఉన్నప్పుడు’ అనే మొదలుపెడతారు కదా. ఇది ‘ఈ లోకమునైనను లోకములో ఉన్నవాటినైనను ప్రేమింపకుడి’ అన్న యోహాను పత్రిక వాక్యం నుంచి వచ్చిన వాడుక. అమెరికాలో నల్లవాళ్ల చర్చిలూ అదే వాక్యం చదివాయి కాబట్టి వాళ్ల అర్థమూ మన అర్థమూ ఇక్కడ ఒకటే. ‘లౌకిక’కి ఆ బరువు లేదు. రిథమ్ అండ్ బ్లూస్ గాయకుడు జాకీ విల్సన్ రికార్డులు వింటున్నందుకు తండ్రి తనను ఇంట్లోంచి గెంటేశాడని అల్ గ్రీనే చెప్పుకున్నాడు. అప్పటిదాకా ఆ పిల్లాడు అన్నదమ్ములతో కలిసి గాస్పెల్ బృందంలో పాడేవాడు. ఆ తండ్రి నోట ‘లౌకిక సంగీతం’ పెట్టి చూడండి, నవ్వొస్తుంది.

ఇంకో మాట. మీ వ్యాసంలో ‘రిథమ్ అండ్ బ్లూస్’ని అలాగే ఉంచండి, దాన్ని తెనిగించబోకండి. అది రికార్డుల వ్యాపారం పెట్టిన పేరు. నల్లవాళ్ల రికార్డుల జాబితాను బిల్‌బోర్డ్ అనే అమెరికా సంగీత వ్యాపార పత్రిక ‘రేస్ రికార్డ్స్’ అనేది. అక్కడ పనిచేసే జెర్రీ వెక్స్‌లర్ సూచనతో 1949లో దాన్ని ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని మార్చారు. చర్చి పెట్టిన పేరు వేరు, అంగడి పెట్టిన పేరు వేరు, పాట మాత్రం చాలాసార్లు ఒకటే. గాయకుడు రే చార్ల్స్ 1954లో ఒక గాస్పెల్ పాట బాణీ తీసుకుని ఏసు ఉన్న చోట ఒక ఆడమనిషిని పెట్టాడు. ఇంకో గాయకుడు శామ్ కుక్ గాస్పెల్ బృందంలో ఉంటూనే తన గాస్పెల్ పాట ‘వండర్‌ఫుల్’ని ‘లవబుల్’ అని ప్రేమపాటగా మార్చి, చర్చి జనం ఏమంటారోనని డేల్ కుక్ అన్న పేరుతో విడుదల చేశాడు. ఆ గొంతు తెలియనిదెవరికి, దొరికిపోయాడనుకోండి.

మరో సభ్యురాలు:
‘లోకం పాటలు’ బాగానే ఉంది మాస్టారూ, కానీ చర్చి వాడుక తెలియనివాళ్లకి? ‘లోకం విడిచి గాస్పెల్‌కి వచ్చాడు’ అని రాస్తే మనిషి పోయాడనుకుంటారు! మనకి అన్నమయ్య రేకుల మీదే శృంగార కీర్తనలు, అధ్యాత్మ కీర్తనలు అన్న విభాగం ఉందిగా, ఆ జంట వాడుకుంటే పోలా?

జవాబు:
‘లోకం విడిచి’ విషయంలో మీరు చెప్పింది నిజమేనమ్మా, అది మాత్రం వద్దు. ‘లోకం పాటలు విడిచి’ అంటే ఇబ్బంది లేదు. అన్నమయ్య జంట నాకు నచ్చదు, ఎందుకంటే ఆయన రెండూ వేంకటేశ్వరుడికే పాడాడు, ఒకటి మానుకో అని ఆయన్ని ఎవరూ అడగలేదు. అల్ గ్రీన్ గొడవంతా ఒకటి మానాల్సి రావడం గురించే. 1977లో ఆయన ‘బెల్’ అనే పాటలో ప్రియురాలితో అంటాడు, నేను కోరుకునేది నిన్ను, నాకు అవసరమైనది ఆయన అని. ఆ ఒక్క ముక్కలో ‘నువ్వు’ ఒకవైపు, ‘ఆయన’ ఒకవైపు. అన్నమయ్య శృంగార పదంలో ఆ ఇద్దరూ ఒక్కరే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఇంకో టెన్షన్ ఉంది. ‘మారుమనసు పొంది సోల్ పాటలకు స్వస్తి చెప్పాడు’ అని రాశాను. 1974లో ఆయన ఇంట్లో జరిగిన ఘోరం, ఒంటికి కాలిన గాయాలు, ఆసుపత్రి, అదంతా అయ్యాకే మారాడని చాలాచోట్ల చదివాను.

జవాబు:
ఆ వరస సరిచేయండి. ఆయన సాక్ష్యం ప్రకారం మారుమనసు 1973లోనే, కాలిఫోర్నియాలో కచేరీలప్పుడు. 1974 ఘటన దానికి తర్వాతది. అది ఆయన్ని ఇంకా అటు నెట్టిందంటే ఒప్పుకోవచ్చు గానీ, కారణం అదే అంటే కథ తేలికైపోతుంది. మెంఫిస్‌లో ఫుల్ గాస్పెల్ టాబర్నకల్ చర్చి తీసుకుని పాస్టరయింది 1976లో. అప్పుడూ సోల్ పాటలు ఆపలేదు. 1979లో సిన్సినాటిలో స్టేజీ మీంచి పడి దెబ్బలు తగిలాక, అది దేవుడి హెచ్చరిక అనుకుని పూర్తిగా గాస్పెల్‌కి వెళ్లాడు. మారుమనసుకీ పాట మార్పుకీ మధ్య ఇన్నేళ్లుంటే ‘పొంది, స్వస్తి చెప్పాడు’ అని ఒకే ఊపులో ఎలా రాస్తారు? ‘స్వస్తి’ కూడా తీసేయండి, పత్రికల వాసన. పైగా 1988లో గాయని యానీ లెనాక్స్‌తో డ్యూయెట్ పాడాడు, 2003లో పాత నిర్మాత విల్లీ మిచెల్‌తో మళ్లీ సోల్ ఆల్బమ్ చేశాడు.

మరో సభ్యురాలు:
నాదీ చిన్న సందేహం. ‘గాయక బృందం’ అనాలా, ‘క్వయర్’ అనాలా?

జవాబు:
క్వయరే. ఆదివారం చర్చికెళ్లే ఏ తెలుగువాణ్ణడిగినా ‘మా అమ్మాయి క్వయర్‌లో పాడుతుంది’ అంటాడు.

ప్రశ్న అడిగినవారు:
ఇలా తిరగరాశాను, చూడండి: ‘పాస్టరయ్యాక కూడా లోకం పాటలు పాడుతూనే ఉన్నాడు, 1979లో స్టేజీ మీంచి పడ్డాక మానేశాడు, తొమ్మిదేళ్లకి ఒక డ్యూయెట్‌తో మళ్లీ మొదలుపెట్టాడు.’

జవాబు:
బాగుంది. ‘మానేశాడు’ బదులు ‘ఆపేశాడు’ పెట్టండి. మానేశాడంటే ఇక ముట్టలేదని వినిపిస్తుంది, వెంటనే ‘మళ్లీ మొదలుపెట్టాడు’ అంటే తడబాటు.