ఆదివారం పసుపు బెల్టు గ్రేడింగ్: పాపకు మోకాలి నొప్పి, నాకు మెడ నొప్పి, ల్యాప్‌టాప్‌కి జ్వరం

అంబాజీపేట నుంచి:

నమస్కారమండి. మా పాపకు 12 ఏళ్లు. షోటోకాన్ కరాటేలో చేరి అయిదు నెలలైంది. ఈ ఆదివారం అమలాపురంలో తెల్ల బెల్టు నుంచి పసుపు బెల్టుకు గ్రేడింగ్. ఇవాళ మంగళవారం, ఇంట్లో ఏదీ సవ్యంగా లేదు.

రెండు వారాలుగా కుడి మోకాలు నొప్పి అంటోంది. మోకాలి చిప్ప కింద చిన్న బుడిపెలాంటిది తగులుతోంది, అక్కడ నొక్కితే గట్టిగా అరుస్తుంది. మెట్లు దిగేటప్పుడు, ప్రాక్టీస్ అయ్యాక ఎక్కువ. పొద్దున్నే లేచేసరికి బాగానే ఉంటుంది.

మాస్టారు హీయాన్ షోదాన్ కటా (వరస తప్పకుండా ఒంటరిగా చేసే కదలికల పాఠం) తనే చేసి వీడియో పంపించారు. రోజూ సాయంత్రం హాల్లో ల్యాప్‌టాప్ నేల మీద పెట్టుకుని, అది చూస్తూ ముప్పైసార్లు చేస్తోంది. అయినా నిన్న క్లాసులో "అంతా తిరగేసి చేస్తున్నావు" అని కోప్పడ్డారట. నేను పక్కన కూర్చుని చూశానండి, అచ్చం వీడియోలో ఉన్నట్టే చేస్తోంది. తప్పెక్కడో నాకు అర్థం కాలేదు.

ల్యాప్‌టాప్ సంగతి వేరే కథ. అరగంటకే సలసలా కాగిపోయి దానంతటదే ఆగిపోతుంది. క్లబ్బువాళ్లు పంపిన దరఖాస్తు ఫైలు తెరిస్తే తెలుగు అక్షరాల బదులు పిచ్చి గీతలు. నేను కొబ్బరి కొట్టులో లెక్కలు రాస్తాను, రోజంతా మౌస్ పట్టుకుని కుడి మణికట్టు లాగేస్తోంది, మెడ పట్టేస్తోంది. ఇన్ని ఒకేచోట అడుగుతున్నందుకు ఏమనుకోకండి.

రాజోలు నుంచి:

అక్కా, ముందు ఫైలు సంగతి చెప్పేస్తాను, అది తేలిక. ఆ దరఖాస్తు అను ఫాంట్లలో టైపు చేసి ఉంటారు. మన డీటీపీ షాపుల్లో ఎక్కువగా వాడేది అదే. అందులో తెలుగు అక్షరం నిజంగా తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు కోడుకి తెలుగు బొమ్మ తొడిగినట్టన్నమాట. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తొడుగు ఊడిపోయి లోపలిది బయటపడుతుంది. మీ ల్యాప్‌టాప్ తప్పేం లేదు. పంపినవాళ్లనే "పీడీఎఫ్ చేసి పంపండి" అని అడగండి. వాళ్ల సిస్టమ్‌లో రెండు నిమిషాల పని.

పాప పేరు మాత్రం ఆధార్‌లో ఎలా ఉందో అలాగే, ఇంటిపేరుతో సహా రాయండి. సర్టిఫికెట్ వచ్చాక అక్షరం మార్పించుకోవాలంటే తిరగలేం.

వేడెక్కి ఆగిపోవడం అంటే ముందు చూడాల్సింది గాలి దారి. అడుగున ఉన్న జల్లెడలోంచి గాలి లోపలికి పోవాలి, పక్కనుంచి బయటికి రావాలి. హాల్లో నేల మీద అన్నారు, కింద ఏమైనా పరిచి పెడుతున్నారా?

అంబాజీపేట నుంచి:

అవును తమ్ముడూ. గచ్చు జారుతోందని కొబ్బరి పీచు చాప పరిచాం. పాప దాని మీదే చేస్తుంది, ల్యాప్‌టాప్ కూడా దాని చివరే పెడుతుంది.

రాజోలు నుంచి:

దొరికింది. పీచు నూగు ఫ్యాన్‌లోకి లాగేసుకుంటుంది. మా షాపుకి కోయిర్ యూనిట్ల నుంచి వచ్చే కంప్యూటర్లు విప్పితే లోపల పిచ్చుక గూడే. ఫ్యాన్ తీయించి శుభ్రం చేయించండి, లోపల చిప్పు వేడిని లాగే పేస్టు ఎండిపోతే కొత్తది వేయమనండి. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ పెట్టి లాగకండి, స్టాటిక్ కరెంటుతో బోర్డు పోయే ప్రమాదం ఉంది. రిపేరుకి ఇచ్చేముందు కొట్టు లెక్కలు పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఆదివారం దాకా మటుకు గట్టి పీట మీద, కింద నాలుగు సీసా మూతలు పెట్టి ఎత్తుగా ఉంచండి.

పాలకొల్లు నుంచి:

నేను పదకొండేళ్లు షోటోకాన్ చేశాను, ఇప్పుడు పిల్లలకు నేర్పడంలో సాయం చేస్తుంటాను. అమ్మా, ఒక్క ప్రశ్న. వీడియోలో మాస్టారు మనవైపు తిరిగి నిలబడ్డారా, మనకు వీపు పెట్టి నిలబడ్డారా? పాప మొదటి అడుగు ఎటు వేస్తోంది?

అంబాజీపేట నుంచి:

మనవైపే తిరిగి ఉన్నారండి. పాపని ఇప్పుడే చేయమన్నాను. కుడివైపు తిరిగింది.

పాలకొల్లు నుంచి:

అదేనమ్మా తప్పు. పాపది కాదు, వీడియో తీసిన తీరుది. హీయాన్ షోదాన్‌లో మొదటి కదలిక ఎడమవైపుకి: ఎడమకాలు ముందుకు, ఎడమ చేత్తో గెదాన్ బరాయ్, అంటే చేతిని కిందికి ఊపి దెబ్బని పక్కకి తోసేయడం. మాస్టారు తన ఎడమకే తిరిగారు. ఆయన మనకు ఎదురుగా ఉన్నారు కాబట్టి తెర మీద అది మన కుడికి కనిపిస్తుంది. పాప అద్దంలో చూసినట్టు కుడికి తిరిగింది. అక్కడి నుంచి 21 కదలికలూ తిరగబడ్డాయి. పిల్ల ఎంత శ్రద్ధగా చేస్తే అంత శ్రద్ధగా తప్పు పాతుకుపోతుంది.

ఇలా చేయండి. వీడియోని వీఎల్‌సీ ప్లేయర్లో తెరిచి కంట్రోల్ (Ctrl), E మీటలు రెండూ కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో వీడియో ఎఫెక్ట్స్, అందులో జామెట్రీ, అందులో ట్రాన్స్‌ఫామ్ దగ్గర టిక్ పెట్టి ఫ్లిప్ హారిజాంటల్లీ ఎంచుకోండి. బొమ్మ అడ్డంగా తిరగబడుతుంది. ఇప్పుడు పాప చూసింది చూసినట్టు చేస్తే సరిపోతుంది. తిరగబడిందో లేదో అనుమానం ఉంటే గీ (కరాటే తెల్ల దుస్తులు) అంచు చూడండి. కరాటే గీ ఎప్పుడూ ఎడమ అంచు పైకి వచ్చేలా కడతారు. తిప్పిన వీడియోలో కుడి అంచు పైన ఉన్నట్టు కనబడుతుంది.

అసలు మంచి పద్ధతి ఏంటంటే, రేపు క్లాసులో మాస్టారిని అడిగి వెనక నుంచి ఒకసారి వీడియో తీసుకోండి. అప్పుడు తిప్పే పనే లేదు.

ల్యాప్‌టాప్ నేల మీద పెట్టడం ఇంకో నష్టం. పాప కళ్లు నేలకే అలవాటు పడి ఉంటాయి. పరీక్ష చేసేవాళ్లు మొదట చూసేది కళ్లనే. ఎదుట మనిషి ఉన్నట్టు తల ఎత్తి, తిరిగేముందు అటు చూసి, అప్పుడు కదలాలి. ల్యాప్‌టాప్‌ని పాప కళ్ల ఎత్తులో కిటికీ గూట్లోనో బీరువా మీదో పెట్టండి. గురువారం నుంచి అసలు మూసేయండి. అప్పటికీ తెర కావాలంటోందీ అంటే కటా రానట్టే లెక్క.

ఇక చాప. తొమ్మిదో కదలిక దగ్గర మూడో అగే ఉకే (చెయ్యి తలపైకెత్తి దెబ్బ కాచుకోవడం), అక్కడ కియాయ్ (గట్టి అరుపు). వెంటనే పదో కదలికలో 270 డిగ్రీలు తిరగాలి. పద్దెనిమిదో దగ్గర మళ్లీ అంతే. తుంటి తిరిగితే మోకాలు, పాదం కూడా దాంతోపాటే తిరగాలి. పీచు చాప మీద అరికాలు పట్టేస్తుంది, ఒళ్లు తిరుగుతుంది. ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. రోజుకి ముప్పైసార్లు అంటే అరవై మెలికలు. చాప చుట్టేసి మూల పెట్టండి. గచ్చు జారుతుంటే అరికాళ్ల చెమట తడిగుడ్డతో తుడుచుకుని, పొడిగా ఆరాక చేయమనండి. జెంకుత్సు దాచిలో, అంటే ముందు కాలు వంచి వెనక కాలు చాచి నిలబడేటప్పుడు, ముందు మోకాలు లోపలికి వాలకుండా కాలివేళ్ల దిశగానే వంగాలి. పక్కన కూర్చుని చూసేటప్పుడు మీరు గమనించాల్సింది ఇదొక్కటే చాలు.

నాలుగో కదలిక కూడా జాగ్రత్త. కుడి పక్కకి తిరిగాక పిడికిలిని సుత్తిలా పైనుంచి దించేది. ఎడమ పక్క అది లేదు. అందుకే పిల్లలు మర్చిపోతారు, లేదా రెండు పక్కలా చేసేస్తారు. మీ పాప ఇన్నాళ్లూ దాన్ని ఎడమ పక్క చేసి ఉంటుంది. ముందుగా మార్చాల్సింది అక్కడే.

కాకినాడ నుంచి:

ఫిజియోథెరపిస్టుని. చూడకుండా ఇదీ అని చెప్పలేను, కానీ 12 ఏళ్లు, చిప్ప కింద బుడిపె, నొక్కితే నొప్పి, ఆటతో ఎక్కువై విశ్రాంతితో తగ్గడం అంటే మొదట గుర్తొచ్చేది ఆస్‌గుడ్ ష్లాటర్. పేరుకి భయపడకండి. ఎదిగే వయసులో ఎముక త్వరగా పెరుగుతుంది, తొడ ముందు కండరం, తనను ఎముకకు అతికించే పట్టీలాంటి స్నాయువుని గట్టిగా లాగుతుంది. అది అతుక్కున్న చోట వాపు. ఎదుగుదల ఆగాక చాలామందిలో నొప్పి దానంతటదే పోతుంది. పాలకొల్లు వారు చెప్పిన మెలిక వల్ల ఈ బుడిపె రాదు గానీ, ఉన్న నొప్పిని అది రెచ్చగొడుతుంది.

ముప్పైసార్లు వద్దు. పూర్తి బలంతో అయిదుసార్లు చాలు, మిగతావి నెమ్మదిగా, లోతుగా కూర్చోకుండా నడిచినట్టు చేయమనండి. గెంతడం, గొంతుక్కూర్చోవడం ఈ వారం మానేయాలి. ప్రాక్టీస్ అయ్యాక ఐస్ ముక్కలు పల్చటి గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టండి, ఐస్ నేరుగా చర్మానికి తగలకూడదు. తొడ ముందు, వెనక కండరాలు సాగదీసే వ్యాయామాలు రోజూ రెండుసార్లు.

నొప్పి తెలియకుండా పెద్దవాళ్ల మాత్ర వేసి గ్రేడింగ్‌కి పంపకండి. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో కూడా తెలియదు. కాలు మోపలేకపోయినా, మోకాలు ఒకచోట బిగుసుకుపోయినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా, వాపుతో జ్వరం వచ్చినా గ్రేడింగ్ వాయిదా వేసి డాక్టరుకి చూపించాలి. ఇవేవీ లేకపోయినా రెండు వారాల నొప్పి కాబట్టి వీలు చూసుకుని ఒకసారి చూపించడం మంచిది.

మీ మణికట్టు గురించి: మౌస్ దూరంగా పెట్టుకుని చెయ్యి చాపి పనిచేస్తున్నారేమో చూడండి. మోచెయ్యి ఒంటికి దగ్గరగా, మణికట్టు తిన్నగా ఉండాలి. తెర పై అంచు కళ్లకు సమంగా రావాలి. కొట్టులో పాత ఖాతా పుస్తకాలు ఉంటాయిగా, నాలుగు పుస్తకాలు ల్యాప్‌టాప్ కింద పెట్టి, వేరే కీబోర్డు ఒకటి కొనుక్కోండి. అరగంటకోసారి లేచి నడవండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రిళ్లు మెలకువ వస్తుంటే మటుకు ఆలస్యం చేయకండి, అది నరం నొక్కుకుపోవడం కావచ్చు.

నర్సాపురం నుంచి:

అమ్మాయీ, నా మనవరాలు ఇప్పుడు బ్రౌన్ బెల్టు, కాబట్టి నాకూ కొంచెం తెలుసు. కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె రాత్రి పూట పాప మోకాలికి రాస్తే హాయిగా ఉంటుంది.

ఆదివారం పొద్దున్నే పెసరట్టు ఉప్మా పెట్టకు. మావాడు ముద్దు చేసి పెట్టించాడు, పిల్ల హాల్లోనే కక్కుకుంది. రెండు ఇడ్లీ, అదీ రెండు మూడు గంటల ముందు. ఉక్కకి చెమటలు కారిపోతాయి, మంచినీళ్లు కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. కాళ్ల పట్టీలు, గాజులు, చెవి లోలకులు ముందు రోజే తీసెయ్. గోళ్లు కత్తిరించు. జడకి రబ్బరు బ్యాండే, పిన్నులు వద్దు.

కాకినాడ నుంచి:

పెద్దమ్మగారూ, నూనె రాయండి గానీ బుడిపె మీద మర్దన మాత్రం వద్దండి. పైపైన రాస్తే చాలు.

నర్సాపురం నుంచి:

ఆయ్, మేం మాత్రం బండరాయితో రుద్దుతామా.

భీమవరం నుంచి:

ఒక మాట. గ్రేడింగ్‌లో మధ్యలో తప్పు చేస్తే ఆగి మొహం చిట్లించకూడదు. తప్పు చేసిన చోటే క్షణం నిలబడి, ముందుకు సాగిపోవాలి. మొదలుపెట్టే ముందు కటా పేరు హాలంతా వినబడేలా చెప్పాలి. మా అబ్బాయికి కటా అంతా వచ్చు, పేరు మాత్రం గొంతులోనే ఉండిపోయింది, మూడుసార్లు అడిగించుకున్నాడు.

పక్క క్లబ్బులో పిల్లకి ఇదే వయసుకి ఆకుపచ్చ బెల్టు వచ్చిందని పోల్చుకోకండి. రంగుల వరస క్లబ్బుకొకటి. అసలు బెల్టుల పద్ధతే కరాటేది కాదు, జూడో నుంచి తెచ్చుకున్నారు. షోటోకాన్‌కి మూలపురుషుడైన ఫునకోషి గిచిన్ తన శిష్యులకు మొదటిసారి బ్లాక్ బెల్టులు ఇచ్చింది 1924లో.

అంబాజీపేట నుంచి:

సోమవారం రాస్తున్నానండి. అందరికీ దండాలు.

పీడీఎఫ్ పంపారు, అక్షరాలు బంగారంలా ఉన్నాయి. ఫ్యాన్ విప్పితే తమ్ముడు చెప్పినట్టే గుప్పెడు నూగు. వీడియో తిప్పి చూపించాక పాప గంటసేపు ఏడ్చింది, "ఇప్పుడు మళ్లీ మొదట్నుంచా" అని. బుధవారం అంతా గందరగోళం, గురువారం రాత్రికి దారిలో పడింది. ఎడమ చేతికి నా జడ రిబ్బను కట్టి, "రిబ్బను వైపు మొదలు" అని అలవాటు చేశాను. ఆదివారం పొద్దున విప్పేశాను.

హాల్లో నాలుగో కదలిక దగ్గర ఒక్క క్షణం ఆగిపోయింది. నా గుండె జారిపోయింది. తర్వాత పిడికిలి దించింది, కుడి పక్కే. తొమ్మిది దగ్గర కియాయ్ అంటే నా పక్కన కూర్చున్నాయన ఉలిక్కిపడ్డాడు. పాసయింది. మోకాలు నొప్పి ఉంది గానీ తగ్గింది, గురువారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం.

ఇంకొక్క సందేహం. కొత్త బెల్టు కర్రలా ఉంది, ముడి నిలవట్లేదు. మెత్తబడుతుందని గీతో పాటు వాషింగ్ మెషీన్‌లో వేశాను. పర్లేదా?

పాలకొల్లు నుంచి:

అయ్యో అమ్మా, వెంటనే తీసేయండి! కొత్త బెల్టు రంగు దిగుతుంది. మెత్తబడాలంటే ఉతకక్కర్లేదు, చేత్తో మెలిపెట్టి, మడిచి, రోజూ కడుతూ విప్పుతూ ఉంటే వారంలో దారికొస్తుంది.

అంబాజీపేట నుంచి:

తీశానండి. గీ నిమ్మపండు రంగులో ఉంది.

నర్సాపురం నుంచి:

ఎండలో వేయకు, ఇస్త్రీ అసలు చేయకు, రంగు పట్టేసుకుంటుంది. తడి ఆరకముందే మళ్లీ సబ్బు నీళ్లలో విడిగా నానబెట్టు. పోకపోతే మెడ వెనక చీటీ చూడు. బ్లీచింగ్ చేయొచ్చని ఉంటేనే, సీసా మీద రాసినంత మోతాదే నీళ్లలో కలిపి వెయ్. బెల్టు మాత్రం నీడన ఆరెయ్.