మైకేల్ క్యారిక్: మనం ఆలస్యంగా గుర్తించామా, అతిగా మోస్తున్నామా?

జెర్సీ_16:
క్యారిక్, మధ్య మైదానంలో ఆడిన ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు. మన క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌కి 2006 నుంచి 2018 దాకా 464 మ్యాచ్‌లు, అయిదు లీగ్ టైటిళ్లు, 2008 చాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్‌ల పెద్ద కప్పు). మాస్కోలో జరిగిన ఆ ఫైనల్ షూటవుట్‌లో రెండో పెనాల్టీ కొట్టింది క్యారిక్కే. అయినా పాత మిడ్‌ఫీల్డర్ల ముచ్చట వస్తే కీన్, స్కోల్స్ దగ్గర ఆగిపోతాం. అతని ఆటలో మీకు గుర్తున్న పాసులు, ఆగిపోయిన ఎదురుదాడులు ఇక్కడ రాయండి.

వైజాగ్_వింగర్:
2007 ఏప్రిల్, చాంపియన్స్ లీగ్‌లో రోమాపై 7-1. తొలి లెగ్ (రెండు మ్యాచ్‌ల పోటీలో మొదటిది) 2-1తో ఓడి వచ్చాం. 11వ నిమిషంలో బాక్స్ బయటి నుంచి క్యారిక్ కొట్టిన గోల్‌తోనే రాత్రి మారిపోయింది. ఇంకోటి కూడా వేశాడు.

ఎర్ర_కండువా:
రెండు గోల్స్ వేసిన ఆ రాత్రే అందరికీ గుర్తొస్తుంది, ఎందుకంటే అలాంటివి తక్కువ. 464 మ్యాచ్‌లలో 24 గోల్స్. కీన్ వదిలిన 16 నంబర్ చొక్కా ఇచ్చారు, కీన్ చేసిన పని మాత్రం రాలేదు. 2009లో రోమ్‌లో బార్సిలోనాతో చాంపియన్స్ లీగ్ ఫైనల్, ఎటో గోల్ మళ్లీ చూడండి. ఇనియెస్టా మధ్యలోంచి బంతి తోసుకొచ్చాడు, ఎవడూ అడ్డుపడలేదు. ఎటో లోపలికి తిరిగాక క్యారిక్ కాలు చాపాడు, అప్పటికే ఆలస్యం. 2010లో బయర్న్ మీద రెండో లెగ్‌లో 3-0తో ఉన్నాం. హాఫ్ టైమ్ ముందు ఓలిచ్ ఇతణ్ని భుజంతో తోసేసి గోల్ వేశాడు. రెండు లెగ్‌ల గోల్స్ సమానమై, అవతలి మైదానంలో వాళ్లే ఎక్కువ వేశారని (అవే గోల్స్) ఆ పోటీ పోయింది. పెద్ద మ్యాచ్‌లలో శరీరం అడ్డం పెట్టాల్సిన చోట ఇతను లేడు.

జెర్సీ_16:
అన్నా, మీరు ఎంచుకున్నవి రెండు క్లిప్పులు. క్యారిక్ చేసిన పని క్లిప్పుల్లో దొరకదు, చెప్తాను వినండి.

సెంటర్ బ్యాక్ (గోల్ ముందు నిలబడే డిఫెండర్) కాలి నుంచి బంతి బయల్దేరకముందే ఇతను భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. పాస్ దారిలో ఉండగా మరోసారి చూస్తాడు. బంతి వచ్చేసరికి ఒళ్లు పక్కకి తిరిగి ఉంటుంది, దూరంగా ఉన్న కాలితో ఆపుతాడు. అంటే మొదటి టచ్‌తోనే ముఖం ఎదుటి గోల్ వైపు. అదే బంతిని గోల్‌కి వీపు పెట్టి దగ్గరి కాలితో ఆపితే మిగిలేది వెనక్కి ఇవ్వడమే. వెనక నుంచి ప్రెస్ చేసేవాడికి, అంటే బంతి కోసం మీద పడేవాడికి, అది పండగ.

తర్వాత పాస్. నేలబారుగా, గట్టిగా, ఎదుటి మిడ్‌ఫీల్డర్ల ఇద్దరి మధ్య సందులోంచి, మన వాడి ముందుకాలికి. మెల్లగా ఇస్తే అందుకునేవాడి మీదికి డిఫెండర్ దూకేస్తాడు. ఆ వేగం వల్లే రూనీకి తిరగడానికి సమయం దొరికేది. 2011 ఏప్రిల్, చెల్సీ మైదానంలో క్వార్టర్ ఫైనల్: మైదానం అడ్డంగా గిగ్స్‌కి వేసిన పొడుగు బంతి, గిగ్స్ ఒక్క టచ్‌తో దించుకుని వెనక్కి తోశాడు, రూనీ గోల్, 1-0. గోల్ రూనీది, అసిస్ట్ (గోల్‌కి ముందు పాస్) గిగ్స్‌ది. క్యారిక్ పేరు ఏ పట్టికలోనూ లేదు.

గుంటూరు_గన్నర్:
నేను మీ పార్టీ కాదు కానీ 2013లో మా ఆర్సెనల్ మేనేజర్ వెంగర్ క్యారిక్‌కే ఆ ఏటి ఉత్తమ ఆటగాడి అవార్డు రావాలన్నాడు. ఆ సీజన్ ఆటగాళ్ల సంఘం (పీఎఫ్ఏ) ఎంచిన ఉత్తమ జట్టులో కూడా ఉన్నాడు.

ఎర్ర_కండువా:
వెంగర్ పొగిడితే టైటిల్ రాదు. పాసింగ్ బావుందని నేనెప్పుడూ కాదనలేదు. అడ్డుకోవడం గురించి మాట్లాడుతుంటే పాస్ గురించి చెప్తారేంటి? ఇనియెస్టాని ఎవరు ఆపాలి? ఒక్క జవాబు చాలు.

మిడ్‌ఫీల్డ్_మాస్టారు:
జవాబు నేను చెప్తాను. 2009 ఫైనల్లో మన మధ్య ముగ్గురు ఆండర్సన్, క్యారిక్, గిగ్స్. సెమీస్‌లో రెడ్ కార్డ్ పడి ఫ్లెచర్ లేడు. మొదట బాగా తొందరపెట్టింది మనమే, రొనాల్డో ఫ్రీకిక్ గుర్తుందిగా. తర్వాత బార్సిలోనా కోచ్ గార్డియోలా మెస్సీని మధ్యకి, ఎటోని కుడివైపుకి మార్చాడు. మెస్సీ కిందికి దిగితే వాళ్లు మధ్యలో నలుగురు: చావి, ఇనియెస్టా, బుస్కెట్స్, మెస్సీ. మనం ముగ్గురం. క్యారిక్ మెస్సీ మీదికి వెళ్తే చావి ఖాళీ. చావి దగ్గరుంటే మెస్సీ తిరుగుతాడు. మన సెంటర్ బ్యాక్‌లు ఫెర్డినాండ్, విడిచ్‌లలో ఒకడు ముందుకు రావాలి, కానీ ఎటో, ఆన్రీ అంచుల్లో ఉండగా వెనక ఖాళీ పడుతుందని రాలేదు. హాఫ్ టైమ్‌లో ఆండర్సన్‌ని తీసి టెవెజ్‌ని దించారు. అంటే మధ్యలో ఇంకో మనిషి తగ్గాడు. లెక్క అక్కడే తప్పింది.

ఎర్ర_కండువా:
గోల్ పదో నిమిషంలో పడింది మాస్టారూ, హాఫ్ టైమ్ మార్పుతో దానికేం సంబంధం? ఆ గోల్‌కి తనను తానే నిందించుకున్నానని, చాలాకాలం కుంగిపోయానని 2018లో క్యారిక్కే చెప్పాడు. ఆయనే ఒప్పుకున్నది మీరెందుకు ఒప్పుకోరు?

జెర్సీ_16:
ఒక మనిషి ఓటమిని గుండెల్లో పెట్టుకుని కుంగిపోతే దాన్ని నేరం ఒప్పుకోలుగా వాడతారా? ఇది చాలా తప్పన్నా. మొదటి రోజు నుంచి ఈ వేదికలో ఎవడు క్యారిక్‌ని మెచ్చుకున్నా మీరొచ్చి ఓలిచ్ పేరు తీస్తారు. 2009 డిసెంబరులో డిఫెండర్లంతా గాయాలతో పడితే వోల్ఫ్స్‌బర్గ్‌లో సెంటర్ బ్యాక్‌గా ఆడి 3-1తో గెలిచిన జట్టులో ఉన్నాడు. అది ఎప్పుడూ రాయరు. 2009 మేలో విగాన్‌లో 86వ నిమిషం గోల్‌తో టైటిల్ రేసు మన చేతిలో పెట్టాడు. అదీ రాయరు.

బ్యాక్‌పాస్_బాబు:
ఇద్దరూ కాస్త తగ్గండి.

ఎర్ర_కండువా:
తగ్గను. ఇన్నాళ్లుగా నేను క్యారిక్‌ని తిడుతున్నానని అనుకుంటున్నారు కదా, సరే, అసలు మాట చెప్తా. క్యారిక్‌ని పొగిడే ప్రతి పోస్టూ క్లబ్ యాజమాన్యానికి సాకుగా మారుతోంది, నా బాధ అది. 2007లో హార్‌గ్రీవ్స్, ఆండర్సన్ వచ్చారు. హార్‌గ్రీవ్స్ మోకాళ్లు సహకరించలేదు. ఆ తర్వాత 2013లో ఫెలైనీ వచ్చేదాకా మధ్య మైదానంలో అడ్డుకునే పనికి అనుభవమున్న ఆటగాణ్ని ఒక్కణ్నీ కొనలేదు. 2009లో రొనాల్డోని 8 కోట్ల పౌండ్లకి అమ్మారు. 2011 ఫైనల్లో మళ్లీ అదే బార్సిలోనా మీద క్యారిక్, 37 ఏళ్ల గిగ్స్‌తో ఇద్దరినే మధ్యలో పెట్టారు, 3-1. ఆ తర్వాత రిటైరైన స్కోల్స్‌ని 2012 జనవరిలో మళ్లీ బూట్లు వేయించి తెచ్చారు. కుర్ర మిడ్‌ఫీల్డర్ పోగ్బా అదే ఏడాది వెళ్లిపోయాడు. ‘క్యారిక్ ఉన్నాడుగా, చాలు’ అన్న మాట ఆ ఆరేళ్లూ విన్నాం. అతని పక్కన పరిగెత్తే, కొట్లాడే మనిషి ఉంటే రోమ్‌లో అతను అంత ఒంటరిగా కనిపించేవాడు కాదు.

మిడ్‌ఫీల్డ్_మాస్టారు:
ఇప్పుడు దారికి వచ్చాం. క్యారిక్ లాంటివాడికి పక్కన ఎవరుండాలో 2008 జట్టే చెప్తుంది. హార్‌గ్రీవ్స్ గానీ ఫ్లెచర్ గానీ ఉంటే వాళ్లు బంతి మీదికి వెళ్తారు, ఇతను పాస్ వెళ్లే దారి మూస్తాడు. ట్యాకిల్ చేయాల్సిన అవసరమే రానివ్వకపోవడం ఇతని పద్ధతి. పక్కవాడు లేకపోతే దారి మూయాలా, మనిషిని ఆపాలా అని రెండు పనులు మీద పడతాయి. పరుగులో వేగం లేనివాడికి రెండో పని ఎప్పుడూ ఆలస్యమే. ఎటో గోల్‌లో కనిపించింది అదే. ఇంగ్లండ్ కూడా ఇదే తప్పు చేసింది, ఇంకో దిక్కు నుంచి. జెరార్డ్, లాంపార్డ్ ఇద్దరూ ముందుకెళ్తే వెనక నిలబడేవాణ్ని బెంచీ మీద పెట్టింది. దేశానికి ఇతను ఆడింది 34 మ్యాచ్‌లే. 2006 వరల్డ్ కప్‌లో ఈక్వడార్ మీద ఆడించి, గెలిచాక పోర్చుగల్ మీద తీసేశారు.

జెర్సీ_16:
యాజమాన్యం మీద మీ కోపం నాకూ ఉంది. కానీ ఆ కోపానికి సాక్షిగా ప్రతిసారీ ఇతణ్నే బోనెక్కించడం దేనికి? కొనకపోవడం అప్పటి మేనేజర్ ఫెర్గూసన్ నిర్ణయం కూడా. మార్కెట్‌లో సరైన ధర లేదని ఆయన పదేపదే అన్నాడు.

ఎర్ర_కండువా:
ఫెర్గూసన్‌ని నేను అననివ్వను. క్లబ్‌ని కొనడానికి చేసిన అప్పు క్లబ్ మీదే పెట్టింది 2005లో కొన్నవాళ్లు. దాని మీద వేరే చర్చ పెట్టండి, వస్తాను.

వైజాగ్_వింగర్:
కొత్తగా చూసేవాళ్లకి ఒక్క మ్యాచ్ చెప్పండి, క్యారిక్ అంటే ఏంటో తెలిసేలా.

జెర్సీ_16:
2018 మే 13, వాట్‌ఫర్డ్ మీద 1-0. అతని చివరి మ్యాచ్. ఆ సీజన్ మొదట్లో గుండె లయ తప్పి చికిత్స చేయించుకుని వచ్చాడు. డిఫెన్స్ వెనక్కి మాతాకి ఒక బంతి ఎత్తి వేశాడు, మాతా పక్కకి తోశాడు, రాష్‌ఫర్డ్ గోల్. బంతి మీద కాకుండా పాస్ ముందు క్యారిక్ తల మీద కన్ను పెట్టండి.

ఎర్ర_కండువా:
ఆ పాస్ బావుంది, కాదనను. కానీ 2011 ఫైనల్ పూర్తి మ్యాచ్ కూడా చూపించండి, మధ్యలో ఇద్దరే ఉంటే ఏమవుతుందో తెలియాలి.